ఒక్క ‘న’ తక్కువ

సమాధి రాళ్ళు చెక్కే షెడ్డు. పొద్దున తొమ్మిది దాటింది. రాయి మీది గోనెపట్టా తీసి పావుగంటయినా ఆ పెద్దావిడ ఇంకా కూర్చోలేదు.

"ఇంకోసారి చదువు మేస్త్రీ."

"మూడుసార్లు చదివాను కదమ్మగారూ. చదివిన కొద్దీ రాయి మారదు కదా."

"నాలుగోసారి చదువు. వేలు పెట్టి చదువు."

"పైన ఆయన పేరు. పేరులో తప్పుందా?"

"లేదు."

"పుట్టిన తేదీ?"

"సరిగ్గానే ఉంది."

"పోయిన తేదీ?"

"అదొక్కటి తప్పయి ఉంటే ఎంత బాగుండేది. దాని కింద చదువు."

"దాని కింద పువ్వు. ఐదు రేకులు. మీరు అడగలేదు, నా తరఫున నేనే వేశాను."

"పువ్వు కింద."

"పువ్వు కింద... ‘దేవుణ్ణి అమ్ముకున్న మనిషి’."

"నేను ఏం చెక్కమన్నాను?"

"దేవుణ్ణి అమ్ముకున్న మనిషి."

"నమ్ముకున్న. దేవుణ్ణి నమ్ముకున్న మనిషి అన్నాను. న. ‘న’ ఏది మేస్త్రీ? ‘న’ ఉండాల్సిన చోట ‘అ’ కూర్చుంది."

"మీరు ఫోన్లో అన్నది ఇదే. నా చెవిలో ఇంకా ఉంది."

"నీ చెవిలో ఏమున్నా నీ బుర్రలో ఏముంది? మొగుడి సమాధి మీద ఏ ఆడదైనా ఇలా రాయించుకుంటుందా?"

"నేనూ అదే అనుకున్నానమ్మగారూ. సుత్తి కింద పెట్టి మరీ అనుకున్నాను. అనుకుని, మళ్ళీ ఇలా అనుకున్నాను. ఆయన చేసిన పనేంటి? దేవుడి పటాలు కట్టే కొట్టు. నేనే ఒకటి కొనుక్కెళ్ళాను, గొర్రెపిల్లని భుజాన వేసుకున్న ప్రభువుది. బేరం కూడా ఆడాను. డాక్టరుగారి రాయి మీద డాక్టరని చెక్కాను. లారీ నడిపినాయన రాయి మీద లారీయే చెక్కాను. మరి దేవుణ్ణి అమ్ముకున్న మనిషి రాయి మీద..."

"ఆపు."

"వృత్తి రాయిస్తున్నారనుకున్నా."

"వృత్తి."

"అవును. కాస్త గొప్పగా కూడా ఉందనుకున్నా."

"ఒక్కసారి ఫోన్ చేసి అడిగితే నీ వేళ్ళు అరిగిపోతాయా?"

"చేశాను. మీరు ఎత్తి, ‘అవును, అదే, అదే చెక్కు, నేను ప్రార్థనలో ఉన్నాను’ అని పెట్టేశారు. అన్నారా లేదా?"

"అన్నాను."

"అదీ. ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మొదటిసారి చెప్పినప్పుడు మీ పళ్ళు ఎక్కడున్నాయి?"

"నా పళ్ళతో నీకేం పని?"

"కట్టుడు పళ్ళు కదా. పెట్టుకున్నారా, తీసేశారా?"

"ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేశాను. గ్లాసులో ఉండి ఉంటాయి."

"ఒక్కసారి తీసి అనండి."

"ఇక్కడా?"

"ఇక్కడ ఉన్నవాళ్ళందరూ రాళ్ళే అమ్మగారూ. నేను అటు తిరుగుతాను."

"తిరుగు. ఇంకా తిరుగు... దేవుణ్ణి అమ్ముకున్న మనిషి."

"విన్నారా?"

"ఉండు. దేవుణ్ణి... అమ్ముకున్న. అమ్ముకున్న. ఇదేంటిది."

"మాట మొదట్లో ‘న’ అనాలంటే నాలుక పళ్ళకి తగలాలి. పళ్ళు గ్లాసులో ఉంటే ‘న’ కూడా గ్లాసులోనే ఉంటుంది."

"సరే, ఇటు తిరుగు. పెట్టుకున్నాను."

"కాబట్టి తప్పు చెరిసగం."

"సగం సగం అని పంచుకోవడానికి ఇదేం తోట కాదు. పదకొండింటికి సంఘం మొత్తం సమాధి దగ్గరికి వస్తుంది. పాస్టరుగారు గుడ్డ తీస్తారు. చదువు కొత్తగా వచ్చిన పిల్లలుంటారు, వాళ్ళు కనబడ్డ ప్రతి అక్షరం గొంతెత్తి చదువుతారు. నాకు తెలుసు, నేనూ అలా చదివినదాన్నే."

"మీరు బళ్ళో చదువుకోలేదా?"

"బడి మొహం ఎరగను. పెళ్ళయ్యాక ఆయన కొట్లో కూర్చుని పటాల కింద రాసిన మాటలు చూసి చూసి నేర్చుకున్నాను. నాకొచ్చిన మొదటి మాటే ‘దేవుడు’. రెండోది ‘అద్దం పగలును జాగ్రత్త’."

"రేపటికి వాయిదా వేసుకుంటే..."

"పాస్టరుగారికి బదిలీ అయింది. రేపు పొద్దున్నే సామాను బండి వస్తోంది. కొత్తాయన ఎవరో, ఆయనకి మా ఆయన మొహం కూడా తెలీదు. ఈయనే పాతిపెట్టాడు, ఈయనే గుడ్డ తియ్యాలి. పోనీలే. దేవుడు చూసుకుంటాడు."

"చూసుకుంటాడు కదా. మరి ఇంకేం భయం?"

"ఆయన చూసుకుంటాడు. నువ్వు ఉలి తియ్యి. ఆ ‘అ’ని పూడ్చి ‘న’ చెక్కు."

"లప్పం పెట్టి పూడ్చవచ్చు. ఆరడానికి రెండు రోజులు. పచ్చి మీద ఉలి పెడితే ఊడి చేతిలోకొస్తుంది."

"కొత్త రాయి?"

"ఇంత నలుపు రాయి రావాలంటే వారం."

"అయితే దీన్నే తిరగేసి వెనక చెక్కు."

"వెనక... వెనక వద్దమ్మగారూ."

"ఏం?"

"వెనక వేరేవాళ్ళది ఉంది. ఒక కోడలుగారు వాళ్ళ అత్తగారి కోసం చెక్కించుకుని, తర్వాత వద్దన్నారు."

"ఏం చెక్కావు?"

"ఆవిడ రాసిచ్చిందే చెక్కాను. ‘అత్తగారూ, ఇక లేవకండి, విశ్రాంతి తీసుకోండి’ అని. ఆవిడ మంచి మనసుతోనే అన్నానంటుంది. వాళ్ళాయన చదివి మూడు రోజులు అన్నం తినలేదు."

"అంటే మా ఆయన్ని ఎవరో అత్తగారికి వీపు ఆనించి పడుకోబెట్టావా?"

"వెనక వైపు మట్టిలోకి పోతుంది కదా. ఎవరు చూస్తారు?"

"చూసేవాడు చూస్తాడు మేస్త్రీ. నా భయమే అది."

"ఎవరు?"

"పైనున్నాయన. నవ్వకు. ఈ మాట నేను పాస్టరుగారితో కూడా అనలేదు. రేపు అక్కడ లెక్క అడిగేటప్పుడు, ఎవరయ్యా నువ్వు, నీ రాయి మీద ఏముంది అని చూస్తే? ‘అమ్ముకున్న’ అని ఉంటే? ఆయన్ని ఒక వైపు నిలబెట్టి, నేను పోయినప్పుడు నన్ను ఇంకో వైపు నిలబెడితే? నాకు స్వర్గం అదీ ఇదీ ఏం వద్దు. ఆయన ఎటుంటే అటు ఉండాలి. అంతే."

"దేవుడు రాళ్ళు చదివి పంపిస్తాడా అమ్మగారూ?"

"పంపించడని తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?"

"అలా అయితే నేను చెక్కిన రాళ్ళ వల్ల ఇప్పటికి ఎంతమంది ఎటెటు పోయారో. నాకు నిద్ర పట్టదు ఇక."

"వదినా. ఇక్కడున్నావా. ఇంటికి తాళం వేసుంది, పక్కింటివాళ్ళని అడిగొచ్చాను."

"వచ్చావా చిన్నబ్బాయ్. మేస్త్రీ, ఈయన మా మరిది. బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాడు."

"నమస్కారం మాస్టారూ."

"నమస్కారం. వదినా, అరవై నాలుగేళ్ళవాణ్ణి కొత్తవాళ్ళ ముందు చిన్నబ్బాయ్ అనకమ్మా. ఏమైంది, ఆ మొహమేంటి?"

"చదువు."

"ఎక్కడ? ఓ. పువ్వు బాగుంది."

"పువ్వు కింద."

"‘దేవుణ్ణి అ...’ ఇదేమిటిది?"

"వృత్తి అండీ."

"నోరు ముయ్యి మేస్త్రీ. నేను నమ్ముకున్న అన్నాను చిన్నబ్బాయ్. పళ్ళు లేకుండా అన్నాను. ‘న’ పోయింది."

"అన్నయ్య సమాధి మీద... దేవుణ్ణి అమ్ముకున్నాడని. అన్నయ్య. ముప్పై ఎనిమిదేళ్ళు చర్చిలో మొదటి బల్ల మీద కూర్చున్న మనిషి."

"దేవుడు చూసుకుంటాడు అంటున్నారండీ అమ్మగారు."

"అంటుంది. పాలు విరిగినా చూసుకుంటాడు అంటుంది, బస్సు తప్పినా చూసుకుంటాడు అంటుంది, ఇల్లు కారితే గిన్నె పెట్టి చూసుకుంటాడు అంటుంది. ఆయనకి మా ఇల్లు తప్ప వేరే పని లేనట్టు."

"నువ్వు వచ్చి ఎగతాళి చేస్తావని పిలవలేదు. ఏదైనా దారి చూడు. టైమెంత?"

"తొమ్మిది నలభై. ఉండు, ఆలోచించనీ. మేస్త్రీ, వ్యాకరణం ప్రకారం చూస్తే, ‘దేవుణ్ణి’ తర్వాత ‘అమ్ముకున్న’ వస్తే రెండూ కలిసి ‘దేవుణ్ణమ్ముకున్న’ కావాలి. నువ్వు కలపలేదు. విడిగా వదిలేశావు."

"అమ్మగారు అలా చెప్పలేదండీ."

"చెప్పలేదని కాదు. కలపలేదు కాబట్టి ఇక్కడేదో అక్షరం జారిపోయిందని తెలుగు తెలిసినవాడికి అర్థమవుతుంది. చదివేవాడు తనంతట తనే ‘న’ పెట్టుకుని చదువుకుంటాడు."

"సంఘంలో తెలుగు అంత తెలిసినవాళ్ళు ఎంతమంది చిన్నబ్బాయ్?"

"నేనొక్కణ్ణే."

"అయితే నీకు తప్ప అందరికీ మీ అన్నయ్య దేవుణ్ణి అమ్ముకున్నట్టే."

"పూలదండ వేస్తే? సరిగ్గా ‘అ’ మీదికి వచ్చేలా."

"అప్పుడు ‘దేవుణ్ణి మ్ముకున్న మనిషి’ అవుతుంది మాస్టారూ. దగ్గుతున్నట్టుంటుంది."

"దండ వాడిపోతుంది కూడా. గాలికి జరుగుతుంది. జరిగితే రోజూ నేను వెళ్ళి సర్దాలి. నేను పోయాక ఎవరు సర్దుతారు? నువ్వా? నువ్వు నాకంటే ముందు పోయేలా ఉన్నావు."

"ఇంత మంచి మాట పొద్దున్నే విన్నాను. మేస్త్రీ, ‘మనిషి’ తర్వాత ఎంత చోటుంది?"

"జానెడు ఉంటుంది."

"రెండు అక్షరాలు పడతాయా?"

"మూడైనా పడతాయి."

"అయితే ‘కాదు’ అని చెక్కు."

"ఎక్కడ?"

"చివర. ‘దేవుణ్ణి అమ్ముకున్న మనిషి కాదు.’ అయిపోయింది. ఒక్క అక్షరం కూడా చెరపక్కర్లేదు, అర్థం మొత్తం తిరగబడింది. ఏం వదినా?"

"దేవుణ్ణి అమ్ముకున్న మనిషి కాదు."

"అదీ."

"ఎవరో అన్నట్టు, మేం కాదన్నట్టు ఉంది."

"ఉండనీ."

"దారినపోయేవాడు ఆగి, ఎవరయ్యా ఈయన అమ్ముకున్నాడన్నది అని అడుగుతాడు."

"అడిగితే అడగనీ. లేదనే కదా రాశాం."

"పక్క సమాధుల వాళ్ళు ఏమనుకుంటారు? వాళ్ళెవరూ కాదని రాసుకోలేదు. అంటే వాళ్ళందరూ అమ్ముకున్నట్టా?"

"వదినా, పక్క సమాధుల వాళ్ళు ఏమీ అనుకోరు. వాళ్ళు పోయారు."

"నాకు నచ్చింది మాస్టారూ. చెక్కినవి చెక్కినట్టే ఉన్నాయి, నా కష్టం వృథా పోలేదు. ‘కాదు’ అంటే అరగంట పని. దుమ్ము తుడిచి, బండెక్కించి, పదింబావుకి బయల్దేరితే పదిన్నరకల్లా అక్కడుంటాం. ముందు గీసుకుంటాను. సుద్దముక్క ఎక్కడ పెట్టానో."

"నీ చెవి మీద ఉంది."

"ఆ. ఇదిగో. కకారానికి దీర్ఘం... దు..."

"చూశావా వదినా. ఊరికే కంగారు పడ్డావు. అన్నయ్య ఉంటే ఈపాటికి నవ్వి చచ్చేవాడు. వదినా? ఏంటి, కళ్ళు తిరుగుతున్నాయా? కూర్చో. ఆ స్టూలు ఇటు జరపవయ్యా మేస్త్రీ."

"సుద్ద చెరిపెయ్యమను."

"ఏం? దీర్ఘం సరిగ్గానే వేశాడు."

"‘కాదు’ అని చెక్కొద్దు చిన్నబ్బాయ్."

"ఎందుకు?"

"అబద్ధం."

"ఏది అబద్ధం?"

"కాదు అనేది."

"నాకు అర్థం కాలేదు."

"నాకు అర్థమైందండీ మాస్టారూ, కానీ నేను బయటికెళ్ళి టీ తాగొస్తాను."

"నువ్వు కూర్చో మేస్త్రీ. చెక్కేవాడివి, నీకూ తెలియాలి. చిన్నబ్బాయ్, మీ అన్నయ్యే నాతో అన్నారు. ఆఖరి రోజు. ఆస్పత్రిలో."

"ఏమని?"

"‘నీకో మాట చెప్పాలే, కోప్పడకు’ అన్నారు. ‘కోప్పడను, చెప్పండి’ అన్నాను. ‘నువ్వు నమ్ముకున్నవాణ్ణి నేను అమ్ముకున్నానే’ అన్నారు. అనేసి నవ్వారు. తన మాటకి తనే ముందు నవ్వుకోవడం ఆయనకి అలవాటు కదా."

"జ్వరంలో ఏదో అనుంటాడు."

"జ్వరం లేదు. అప్పుడే నర్సు చూసి వెళ్ళింది. ‘నేను నమ్మి చాలా కాలమైంది. పటాలు అమ్మాను, అంతే. అద్దం తుడిచాను, మేకు కొట్టాను, అమ్మాను. లోపలున్నాయన్ని ఎప్పుడూ తలెత్తి చూళ్ళేదు’ అన్నారు."

"ఎప్పట్నుంచి?"

"పాప పోయినప్పట్నుంచి."

"ఏ పాపండీ?"

"మా పాప మేస్త్రీ. తొమ్మిదేళ్ళు. ఒళ్ళు కాలిపోతుంటే ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, దారిలో టైరు పేలింది. ఆయన రోడ్డు మధ్యలో నిలబడి వచ్చే పోయే బళ్ళన్నిటికీ చేతులూపుతున్నారు. నేను పాపని ఒళ్ళో వేసుకుని అదే మాట అంటూ కూర్చున్నాను. దేవుడు చూసుకుంటాడు, చూసుకుంటాడు అని. ఆయనకి వినబడాలని గట్టిగా కూడా అన్నాను. ఆ మాట చెవిన పడుతూ ఉండగానే తన లోపల ఏదో ఆరిపోయిందట. ఇన్నేళ్ళకి చెప్పారు."

"మరి ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం వచ్చేవాడు కదా. ముప్పై ఎనిమిదేళ్ళు. ఒక్క వారం మానలేదు."

"నాకు గొడుగు పట్టడానికట."

"వాన లేనప్పుడు?"

"ఎండకి."

"కీర్తన అందరికంటే గట్టిగా పాడేవాడు వదినా. పక్కన నిలబడితే నా చెవులు గింగురుమనేవి."

"నాకు కుడిచెవి మందం. నాకు వినబడాలని పాడారట. ‘నువ్వు కూడా నాలా ఆరిపోతావని భయమేసింది, అందుకే నీకు చెప్పలేదు’ అన్నారు."

"ఒక్కసారీ నాతో అనలేదు."

"నాతోనే అనలేదు చిన్నబ్బాయ్. ఒకే మంచం, ఒకే బల్ల, ఒకే పాటల పుస్తకం. పేజీ ఆయనే తిప్పేవారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"ఏమీనా?"

"కోప్పడనని మాటిచ్చాను కదా. కోపమొచ్చింది. ఎంత కోపమంటే, ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. ఫ్లాస్కు తీసుకుని వేడినీళ్ళకని లేచాను. నేను ఎక్కడికి వెళ్ళినా ఎలా వెళతానో నీకు తెలుసు."

"తెలుసు. గేటు దగ్గర మూడుసార్లు ‘వస్తాను’ అంటావు. నాకు రెండు బస్సులు తప్పాయి నీ వల్ల."

"ఆ రోజు ఒక్కసారి కూడా అనలేదు. వెనక్కి కూడా చూడలేదు. ఆయనేదో అన్నారు వెనకనుంచి. కుడిచెవి వైపు పడింది. తిరిగొచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది."

"అమ్మగారూ, నీళ్ళు తాగుతారా?"

"వద్దు. నీ గ్లాసు నిండా రాతిపొడే."

"కడిగి ఇస్తాను."

"కడిగినా వద్దు. అందుకే మేస్త్రీ, ‘నమ్ముకున్న’ అని చెక్కమన్నాను. నాకు తెలిసే చెక్కమన్నాను. ఆయన నాతో అన్నది ఎవరూ వినలేదు కదా, రాయి మీద ఇలా ఉంటే సంఘం నమ్ముతుంది, నాలుగేళ్ళు పోతే నేనూ నమ్ముతాను, పైనాయన కూడా మొహమాటపడి ఊరుకుంటాడేమో అనుకున్నాను. రాయి చేత అబద్ధం చెప్పించబోయాను. ఆ ఒక్క అబద్ధానికి నా నోరు తిరగలేదు."

"అంటే... నేను చెక్కిందే ఒప్పు."

"ఒప్పే."

"నేను మొదట్నుంచీ అదే కదా చెప్తున్నాను."

"మేస్త్రీ, కాసేపు ఊరుకోవయ్యా. వదినా, ఇదంతా ఇప్పుడు ఎందుకు? ఏదైతే అదైంది. ‘కాదు’ చెక్కించేద్దాం. అన్నయ్యే ఉంటే ఏమనేవాడు? చెక్కించెయ్యరా అనేవాడు."

"అనేవారు కాదు. పొద్దున ఈ గోనెపట్టా తీశానా, ఆ మాట చూశానా, తిట్టాను, అరిచాను, ఇతనితో పళ్ళ దాకా పోట్లాడాను. కానీ ఆ లోపలే ఇంకోటి జరుగుతోంది. అది మేస్త్రీ రాసినట్టు లేదు నాకు. ఆయన గొంతులా ఉంది. ఆ నవ్వు కూడా ఉంది వెనక. ఇన్ని నెలల తర్వాత ఆయన మాట మళ్ళీ వినబడింది. దాని పక్కన ‘కాదు’ అని పెట్టి రెండోసారి కూడా ఆ మనిషి మాట వినకుండా ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళిపోమంటావా?"

"పోమనను. కానీ..."

"కానీ ఏంటి?"

"మీరిద్దరూ ఒక వైపు ఉండాలన్నారు కదండీ. ఇందాక. మాస్టారు రాకముందు. ఇది ఇలాగే వదిలేస్తే, మరి మీ భయం?"

"భయం ఎక్కడికీ పోలేదు మేస్త్రీ. ఇక్కడే ఉంది, నీ స్టూలు మీద నా పక్కనే కూర్చుంది."

"మరి?"

"ఆలోచిస్తున్నాను. మీ ఇద్దరూ మాట్లాడకపోతే ఆలోచిస్తాను."

"పది అయింది వదినా."

"మాట్లాడొద్దన్నానా."

"టైము చెప్పాను."

"ముప్పై ఎనిమిదేళ్ళు నమ్మకుండా గొడుగు పట్టారు. నమ్మినదాన్ని నేను ఏం పట్టాను? ఒక్క మాట పట్టుకుని ఊరంతా తిరిగాను. ఆయన్ని వానలో నిలబెట్టి నేను గొడుగు కింద నడిచాను. అది చూసినవాడు పైన ఉన్నాడా లేదా చిన్నబ్బాయ్?"

"ఉన్నాడు."

"చూసి కూడా ఆయన్ని పక్కకి నిలబెడతాడా?"

"నన్ను అడిగితే నేనేం చెప్తాను. నేను వ్యాకరణం చెప్పినవాణ్ణి."

"మేస్త్రీ, ఆ ‘మనిషి’ తర్వాత సుద్ద తుడిచెయ్యి. చుక్క పెట్టు."

"పెట్టాను."

"దాని కింద ఇంకో వరుసకి చోటుందా?"

"ఉంది. ఇది పెద్ద రాయి. మీ పేరు కోసం వదిలాను, తర్వాత పనికొస్తుందని. ఏమీ అనుకోకండి, అందరికీ వదులుతాను."

"నా పేరు ఎక్కడో పక్కన సర్దుదువుగాని. ఇప్పుడు అక్కడ చెక్కాలి. అరగంటలో అవుతుందా?"

"ఎన్ని మాటలో చెప్పండి."

"మూడు. ‘నేనితన్ని అమ్ముకోలేదు’ అంటే ఎన్ని?"

"రెండేనండీ. కానీ ఎవరు అమ్ముకోలేదు? మీరా?"

"వదినా, అర్థం కాదు. పైన ‘దేవుణ్ణి అమ్ముకున్న మనిషి’ అని ఉంటే, కింద ‘నేనితన్ని అమ్ముకోలేదు’ అంటే, నేనంటే ఎవరని చదివేవాడికి..."

"అందుకే మూడన్నాను. దాని కింద సంతకం పెట్టేచోట కాస్త పెద్దక్షరాలతో ‘దేవుడు’ అని చెక్కు."

"దేవుడి సంతకమా?"

"అవును."

"వదినా, నీకు మతి పోయిందా? పాస్టరుగారు గుడ్డ తీస్తారు. సంఘం చదువుతుంది. దేవుడి పేరుతో సంతకం నువ్వెలా పెట్టిస్తావు? ఆయన అన్నాడా ఆ మాట? నీతో అన్నాడా?"

"అనలేదు."

"మరి ఏ ధైర్యంతో?"

"చెక్కు మేస్త్రీ. కాదంటే ఆయన్నే వచ్చి చెరుపుకోమను."